నాయనకు స్టెంట్ వేసి ఐదు వారాలైంది, నర్సు వీడియో కాల్‌లో ఎంత చెప్పినా వాకింగ్‌కు కదలడం లేదు

కర్నూలు_చిన్నోడు:
మాది కర్నూలు, సి క్యాంప్ దగ్గర. మా నాయనకు 61 ఏళ్లు. ఐదు వారాల కింద హార్ట్ అటాక్ వచ్చింది, ఒక స్టెంట్ వేశారు. ఎకో అనే గుండె స్కానింగ్‌లో పంపింగ్ బాగానే ఉందని, రోజూ నడవాల్సిందేనని డాక్టర్ చెప్పి పంపారు. ఆసుపత్రి నుంచి ఒక సిస్టర్ వారానికి రెండుసార్లు వీడియో కాల్ చేసి బీపీ ఎంతుంది, మాత్రలు వేసుకున్నారా, ఎంతసేపు నడిచారు అని చాలా ఓపిగ్గా అడుగుతారు. నాయన రెండు ముక్కలు మాట్లాడి ఫోన్ అమ్మ చేతిలో పెట్టేస్తాడు. అమ్మేమో ఆయన్ను వెనకేసుకొచ్చి "ఇరవై నిమిషాలు నడిచినారు సిస్టర్" అని చెప్పేస్తుంది. నిజానికి మంచం నుంచి వాకిలి దాకా, మళ్లీ మంచం దాకా, అంతే నడక. గట్టిగా అడిగితే "ఇంట్లో తిరుగుతానే ఉండా కదరా" అంటాడు. ఉల్లిగడ్డల మండీలో గుమాస్తాగా ముప్పై ఏళ్లు రోజూ సైకిల్ మీద పోయొచ్చిన మనిషి అట్లా గోడ వైపు తిరిగి పడుకుంటే చూడలేకపోతున్నాను. ఫోన్‌లో చెప్పే నర్సుతో ఇది అయ్యే పనేనా? మీ ఇళ్లల్లో ఎవరికైనా పనిచేసిందా?

కడప_పెద్దాయన:
బాబూ, రెండేళ్ల కింద నాకూ వచ్చింది. మీ నాయనది బద్ధకం కాదు, భయం. నాకు నొప్పి వచ్చిందే దేవుని కడప గుడికి నడిచిపోతుంటే, ఇక నడక అంటేనే ఆ నొప్పి గుర్తొచ్చేది, రాత్రిళ్లు నా గుండె చప్పుడు నేనే వింటూ పడుకునేవాణ్ణి. ఇంట్లో వాళ్లంతా "నడువు నడువు" అనేవాళ్లే గానీ ఎందుకు నడవడం లేదని అడిగింది మాత్రం ఫోన్‌లో మాట్లాడే నర్సమ్మే. రోడ్డు మీద ఒక్కణ్ణే పడిపోతానేమోనని చెప్పాను. అయితే నేను లైన్‌లోనే ఉంటాను, ఫోన్ చొక్కా జేబులో పెట్టుకుని, చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని పాల బూత్ దాకా పోయి రండి అంది. పోయేటప్పుడు మనవళ్ల సంగతులు అడుగుతూనే ఉంది, వచ్చి చూసుకుంటే ఆరు నిమిషాలు. మరుసటి రోజు క్యాలెండర్‌లో ఆ తేదీ గడిలో 6 అని నేనే రాసుకున్నాను. ముప్పై నిమిషాలు అన్న మాట ఆమె నోట నెల దాకా రాలేదు. ఎప్పుడైనా గడి ఖాళీగా ఉందని చెప్పినా ఒక్క మాట అనేది కాదు, రేపు ఎంతవరకు పోగలరు అనేది, అంతే.

అనంతపురం_స్టాఫ్‌నర్స్:
నేను గుండె జబ్బుల వార్డులో చేస్తాను, డిశ్చార్జ్ అయిన వాళ్లకు ఫోన్ చేసే పని కూడా నాదే. తమ్ముడూ, ముందు అమ్మగారికి నచ్చజెప్పండి, అబద్ధం చెప్పొద్దని. ఇరవై నిమిషాలు నడిచారని వింటే మేం తర్వాతి వారం ఇరవై ఐదు అంటాం, అసలు కదలని మనిషికి అది ప్రమాదం. రెండే నిమిషాలైతే రెండే అని చెప్పండి, మాకు అదే కావాలి.

నడక ఐదు పది నిమిషాలతో మొదలుపెట్టి, ఒంటికి పడుతోందా చూసుకుంటూ పెంచాలి. మెల్లగా చేరాల్సింది రోజుకు 30 నిమిషాలు, వారానికి ఐదు రోజులు. మాట్లాడుతూ నడవగలగాలి, మాట మధ్యలో తెగుతుంటే వేగం తగ్గించాలి. వాచీలో పల్స్ చూసి టెన్షన్ పడొద్దు, మెటోప్రొలాల్ లాంటి, గుండె వేగం తగ్గించే మాత్రలు వాడేవాళ్లకు నడిచినా పల్స్ అంతగా పెరగదు. తిన్న వెంటనే వద్దు. మన వైపు ఎండలు తెలిసిందే కదా, పొద్దున్నే ముగించేయాలి. నీళ్ల మాత్ర (ఒంట్లో నీరు మూత్రంలో పోయేలా చేసేది) వాడుతుంటే ఎన్ని నీళ్లు తాగాలో డాక్టర్‌నే అడగండి.

నడుస్తుండగా ఛాతీలో పట్టేసినట్టు ఉన్నా, ఆయాసం, చెమటలు, కళ్లు తిరగడం ఉన్నా అక్కడికక్కడే కూర్చోవాలి. డాక్టర్ రాసిచ్చి ఉంటే గుండె నొప్పికి వాడే సార్బిట్రేట్ మాత్ర నాలుక కింద పెట్టుకోవాలి, అది నిలబడి వేసుకుంటే బీపీ పడిపోయి తూలొచ్చు. ఐదు నిమిషాల్లో తగ్గకపోతే 108కి చేయండి. అప్పుడు నర్సుకు వీడియో కాల్ చేసుకుంటూ కూర్చోవద్దు, ఫోన్‌లో మేం ఈసీజీ తీయలేం.

ఇంకొక మాట. గోడ వైపు తిరిగి పడుకుంటున్నాడన్నారే, నిద్ర, ఆకలి, మాట తగ్గి రెండు వారాలు దాటితే అది డాక్టర్‌కు తప్పకుండా చెప్పాలి. గుండెపోటు తర్వాత మనసు కుంగిపోవడం మేం చాలామందిలో చూస్తాం, దానికీ మందు ఉంది.

కర్నూలు_చిన్నోడు:
అక్కా, పెద్దాయనా, మీ మాటలు ఇద్దరికీ చదివి వినిపించాను. అమ్మ ఏడ్చింది, ఈరోజు సిస్టర్‌కు ఉన్నది ఉన్నట్టు చెప్పేసింది. సిస్టర్ కోప్పడలేదు, నాయనతోనే మాట్లాడాలన్నారు. భయమేంటో నాయన చాలాసేపు చెప్పలేదు, తర్వాత "మెట్లు దిగేటప్పుడు ఎద దడదడ అంటాది తల్లీ" అన్నాడు. మాకెవ్వరికీ చెప్పని మాట అది. డాక్టర్‌కు చెప్పి తర్వాతే మెట్ల సంగతి చూద్దామని, అంతవరకు మెట్లు దిగకుండా మేముండే మిద్దె మీదనే నడవమని సిస్టర్ చెప్పారు. ఫోన్ లైన్‌లో పెట్టుకుని సాయంత్రం నాలుగు నిమిషాలు నడిచాడు. నిద్ర సంగతి కూడా రేపు డాక్టర్‌ను అడుగుతాను.