అప్‌డేట్: 1600 మీటర్ల పరుగు గురించి అడిగాను కదా

తెలంగాణ కానిస్టేబుల్ ఈవెంట్స్‌కు (పరుగు, షాట్‌పుట్ లాంటి శారీరక పరీక్షలకు) ప్రాక్టీస్ చేస్తున్నా, మూడో రౌండ్‌కే ఆయాసం వస్తోంది, ఏం చేయాలని అప్పట్లో అడిగాను. 2022 నోటిఫికేషన్‌లో మగవాళ్లకు పెట్టిన 7 నిమిషాల 15 సెకన్లే నా లెక్క.

మీలో ఎక్కువమంది చెప్పింది ఒకటే: మొదటి రౌండ్‌లో వేగం తగ్గించుకో అని. 400 మీటర్ల ట్రాక్ మీద రౌండుకు సుమారు 1 నిమిషం 48 సెకన్లు. వినడానికి తేలికే. విజిల్ పడగానే పక్కవాళ్లు దూసుకుపోతుంటే, పోనీలే అని మన వేగంలో మనం ఉండటం ఉంది చూశారూ, అదీ అసలు పరీక్ష. కాళ్ల సంగతి తర్వాత, ముందు పంతాన్ని పట్టి ఉంచాలి. ఆ దూకినవాళ్లలో కొందరు మూడో రౌండ్‌లో నడుం పట్టుకుని కనిపిస్తారు.

టైమ్ చూసుకుని పరుగెత్తని రోజుల్లో మాట్లాడుతూ పరుగెత్తగలిగేంత నెమ్మదిగా వెళ్తున్నా. బోర్ కొడుతుంది, నిజమే. కానీ ఆ ఓపిక చదువులోకీ వచ్చింది. అర్థమెటిక్ లెక్క తెగకపోతే పుస్తకం మూసేసేవాణ్ని, ఇప్పుడు ఇంకాసేపు కూర్చుంటున్నా. అమ్మ మాత్రం "పొద్దున్నే లేస్తున్నావు సరే, ఆ బూట్ల మట్టి ఎవరు కడుగుతారు?" అంటోంది.

మోకాలి కింద ముందు ఎముక నొప్పికి తారు రోడ్డు మానేసి మట్టి గ్రౌండ్‌కు మారాను, తగ్గింది. టైమ్ లోపలే వస్తున్నా. ఇక మిగిలింది షాట్‌పుట్. 7.26 కిలోల గుండుకు మణికట్టు లాగేస్తోంది, దానికేమైనా చెప్పండి.