స్పెయిన్ 1932 భూసంస్కరణ చట్టం ఎక్కడ దెబ్బతిన్నది?

హన్మకొండ చదువరి:
నమస్తే. స్పెయిన్ రెండో రిపబ్లిక్ (1931–39) మీద సెమినార్ పేపర్ రాస్తున్న. 1932 సెప్టెంబర్ 9న భూసంస్కరణ చట్టం 318–19 ఓట్లతో నెగ్గింది. అంత బలం ఉండి కూడ 1933 ఆఖరుకు భూమి దక్కింది 4,399 మందికే, మొత్తం 24,203 హెక్టార్లు. "భూస్వాములు అడ్డుకున్నరు" అని ఒక్క ముక్కల తేల్చేస్తే సార్లు ఊకోరు. చట్టంలనే ఏదన్న తిరకాసు ఉన్నదా? మన 1950 హైదరాబాద్ కౌలుదారీ చట్టంతోని పోల్చవచ్చునా?

జనగామ లైబ్రరీ:
తిరకాసు ఐదో బేసులో, అంటే చట్టంలోని ఐదో విభాగంలో ఉంది, ముందు అది చదవండి. స్వాధీనం చేసుకోదగిన భూములను అందులో 13 రకాలుగా చెప్పారు. పెద్ద కమతం ఒక్కటే కాదు. జాగీరు హక్కుల నుంచి వచ్చిన భూమి, ఏళ్ల తరబడి కౌలుకిచ్చి యజమాని దున్నని భూమి, 25 వేల లోపు జనాభా ఉన్న ఊళ్ల చుట్టూ రెండు కిలోమీటర్లలో యజమాని సొంతంగా సాగు చేయని భూమి, ఇట్లా పోతుంది. భూముల పంపిణీ మాత్రం మొదట 14 ప్రావిన్సులకే: ఆండలూసియా ఎనిమిది, ఎక్స్ట్రెమదూరా రెండు, ఆపైన సియుదాద్ రియల్, తొలేదో, అల్బసేతె, సలమాంకా. కానీ ఆస్తుల రిజిస్టరు దేశమంతటా తెరిచారు. దాంతో ఉత్తరాన కాస్టిల్‌లో నాలుగు చెక్కలు కౌలుకిచ్చుకునే చిన్న యజమాని పేరు కూడా రిజిస్టరుకెక్కింది. దక్షిణాది కూలీకి ఇంకా గింజ అందలేదు, ఉత్తరాది చిన్న రైతు మాత్రం అప్పటికే శత్రువైపోయాడు. 1933 నవంబర్ ఎన్నికల్లో ఆ భయమే సెడా అనే మితవాద క్యాథలిక్ కూటమికి ఓట్లయింది. నన్నడిగితే అసలు దెబ్బ ఇక్కడే పడింది.

సీలింగ్ లెక్క ఇంకో తమాషా. మెట్ట ధాన్యపు భూమి 300–600 హెక్టార్లు, ఆలివ్ తోటలు 150–300, ద్రాక్ష 100–150, నీటి పారుదల భూమి 10–50. మెట్టలో కింది హద్దే దాదాపు 740 ఎకరాలు. పైగా ఒక్కో మునిసిపాలిటీలో ఉన్న భూమినే విడిగా లెక్కగట్టారు. నాలుగు మునిసిపాలిటీల్లో తలా 250 హెక్టార్లు ఉన్న ఆసామి ఈ సీలింగుకు దొరకడు. ఉన్నత ప్రభువులకు (అత్యున్నత బిరుదున్న గ్రాందేలకు) మాత్రమే దేశమంతటి భూమిని కలిపి చూశారు. మన 1973 సీలింగ్ చట్టంలో మెట్ట 35–54 ఎకరాలు, తరి 10–27 ఎకరాలు. రెండూ పక్కపక్కన పెడితే తేడా తెలిసిపోతుంది.

కరీంనగర్ పాఠకుడు:
డబ్బు సంగతి కలపాలె. భూసంస్కరణ సంస్థకు ఏటా కనీసం 5 కోట్ల పెసెతాలు (అప్పటి స్పెయిన్ నాణెం) అన్నరు. పరిహారం, సర్వే, విత్తనం, కంచర గాడిదలు, అప్పులు అన్నీ అందులనే. పరిహారానికి పన్ను లెక్కల్ల చూపిన రాబడినే ఆధారం చేసుకున్నరు. ఏటా రాబడి 15 వేల లోపైతే 20 రెట్లు, 2 లక్షలు దాటితే 5 రెట్లే. ఏళ్లకేళ్లు పన్ను ఎగ్గొట్టెటందుకు రాబడి తక్కువ జూపినోని మెడకు ఆ కాయిదమే సుట్టుకున్నది! పరిహారంల కొంతే నగదు, మిగతాది 50 ఏండ్ల బాండ్లు, 5 శాతం వడ్డీ. ఉన్నత ప్రభువుల భూమికి మాత్రం, చేసిన అభివృద్ధి పనులకు తప్ప, పైసా లేదు. 1932 ఆగస్టు 10న రిపబ్లిక్ మీద జనరల్ సంహుర్హో చేసిన తిరుగుబాటు విఫలమైనంక పెట్టిన శిక్ష అది. అప్పటిదాక నెలలకొద్దీ ఈడ్చిన చర్చ ఆ తిరుగుబాటుతోనే జోరందుకున్నది. దీన్ని పేపర్ల వదలకుండ్రి.

భూమి ఎవరికి అన్నదానికి కూడ ఒక వరుస ఉన్నది: భూమిలేని కూలీలు, రైతు కూలీ సంఘాలు, ఏటా 50 పెసెతాల లోపు పన్ను కట్టే చిన్న రైతులు, మెట్టల 10 హెక్టార్లు లేదా తరిల 1 హెక్టారు లోపు దున్నే కౌలుదార్లు. ఉమ్మడిగ దున్నుడా, విడివిడిగనా అన్నది వాళ్లే ఓటేసి తేల్చుకోవాలె. కాయిదం మీద బాగనే ఉన్నది. ఎద్దు, నాగలి, తొలి పంటదాక తిండి ఎవరిస్తరన్నదే తేలలే. అప్పిచ్చే వ్యవసాయ బ్యాంకు రానేలేదు.

హన్మకొండ చదువరి:
చానా మంచిగ చెప్పిండ్రు. కౌలుదారు సంగతి?

జనగామ లైబ్రరీ:
అక్కడే పోలిక కుదరదు. 1950 చట్టం మొదలయ్యేదే రక్షిత కౌలుదారు (ఇష్టమొచ్చినట్టు వెళ్లగొట్టడానికి వీల్లేని కౌలుదారు) నుంచి. దున్నేవాడిని ముందు కాగితం మీద నిలబెట్టి, తర్వాత 38-ఇ సెక్షన్‌తో యాజమాన్య హక్కు వైపు నడిపించారు. స్పెయిన్‌లో 1931 ఏప్రిల్ 29 డిక్రీ కౌలుదార్లను వెళ్లగొట్టడాన్ని ఆపింది గానీ, పూర్తి కౌలు బిల్లు 1933 వేసవిలో సభలోనే నానిపోయింది. ఊరి కూలీకి చట్టం కంటే కార్మిక మంత్రి లార్గో కబల్యేరో 1931 డిక్రీలే ఎక్కువ తగిలాయి: ఊరి కూలీలకే ముందు పని, ఎనిమిది గంటల పని, బీడు పెట్టకుండా సాగు చేయించడం. మొదటిదానికి ఒక చెడు కోణమూ ఉంది. కోతల కోసం ఊరూరా తిరిగే వలస కూలీని పక్క ఊరి సరిహద్దు ఆపేసింది. 1934 మే నెలలో దాన్ని రద్దు చేశారు. పని అడిగినవాళ్లను "రిపబ్లిక్‌నే తినండి" అని యజమానులు ఎగతాళి చేసేవారు.

కరీంనగర్ పాఠకుడు:
ఒక్కటి మరువకుండ్రి. 1935 ఆగస్టు 1న మితవాద సర్కారు ఈ చట్టాన్ని గుల్ల చేస్తూ కొత్త చట్టం తెచ్చింది. అందుల "సామాజిక ప్రయోజనం" పేరు మీద ఏ భూమినైనా తీసుకోవచ్చునన్న క్లాజు ఒకటి పెట్టిండ్రు. 1936 ఫిబ్రవరిల వామపక్ష కూటమి పాపులర్ ఫ్రంట్ గెలిచినంక, మార్చి 25న బదహోజ్ ప్రావిన్సుల వేలమంది రైతులు పొద్దుగాల్నే పొలాల్లకు దిగి దున్నబట్టిండ్రు. వ్యవసాయ మంత్రి రూయిస్-ఫూనెస్ ఆ క్లాజునే వట్టుకొని పంపిణీ నడిపిండు. మార్చి నుంచి జులై దాక 5.7 లక్షల హెక్టార్లు, లక్షా 14 వేల మంది.