యూగవ్‌కి అసలు డబ్బు ఎక్కడి నుంచి వస్తోంది?

కొత్తసభ్యుడు:
బ్రిటన్ ఎలక్షన్ల న్యూస్ ఎప్పుడు చూసినా యూగవ్ అనే సర్వేల కంపెనీ పేరే. 2000లో లండన్‌లో పెట్టారంట, 2005కల్లా స్టాక్ మార్కెట్‌లో లిస్ట్ అయిపోయిందంట, ఇప్పుడు అమెరికా జర్మనీ అంటూ చాలా దేశాల్లో ఉంది. పేపర్లకి ఒపీనియన్ పోల్స్ చేసిపెడితే ఇంత వస్తుందా? పైగా ఆన్‌లైన్‌లో ఖాళీగా ఉన్నోళ్లు నొక్కే సర్వేలు కదా, వాటిని నమ్మి కంపెనీలు డబ్బెలా పెడతాయో అర్థం కావట్లా.

అంకెలపిచ్చి:
పోల్స్ మీద వచ్చేది తక్కువేనండి, అవి షాపు ముందు బోర్డు లాంటివి, పేరు నలుగురి నోళ్లలో నానడానికి. సంపాదనంతా బ్రాండ్ల దగ్గరే. బ్రాండ్‌ఇండెక్స్ అని ఒకటి నడుపుతారు, ఏ కంపెనీ గురించి జనం ఏమనుకుంటున్నారో రోజూ అడుగుతూనే ఉంటారు, ఏదైనా గొడవై పరువు పోతే గ్రాఫ్ ఎంత పడిందో వెంటనే తెలిసిపోతుంది. దానికి కంపెనీలు చందా కడతాయి. రిపోర్ట్ రాసిస్తే ఒక్కసారే డబ్బు, ఇదేమో అడిగేది ఒకసారి, అమ్మేది పదిమందికి.

రాత్రిబండి:
ఖాళీగా ఉన్నోళ్లు నొక్కేది అనడం సగమే కరెక్ట్ బ్రో. ప్యానెల్‌లో, అంటే సర్వేలకి జవాబిస్తామని పేరిచ్చినవాళ్ల గుంపులో, ఎవరైనా చేరొచ్చు, కానీ ఏ సర్వే ఎవరికి పంపాలో కంపెనీ ఇష్టం, తర్వాత వయసు, చదువు, పోయినసారి ఎవరికి ఓటేశారు ఇవన్నీ చూసి వెయిట్ వేస్తారు, అంటే తక్కువమంది ఉన్న రకంవాళ్ల జవాబుకి ఎక్కువ విలువ ఇచ్చి జనాభాకి సరిపోయేలా చేస్తారు. ఎక్కువమందిని అడిగితే చాలు అనుకుంటే 1936 అమెరికా ఎలక్షన్‌లో లిటరరీ డైజెస్ట్ పత్రికకి 20 లక్షల పైన జవాబులొచ్చాయి, అయినా రూజ్‌వెల్ట్ ఓడిపోతాడనే చెప్పింది, ఆయనేమో భారీగా గెలిచాడు.
2017 బ్రిటన్ ఎలక్షన్‌లో యూగవ్ ఎమ్మార్పీ మోడల్ (పెద్ద సర్వేని జనాభా లెక్కలతో కలిపి ఒక్కో చోట ఓటింగ్ అంచనా కట్టే పద్ధతి) అయితే వారానికి దాదాపు 50,000 మంది జవాబులు తీసుకుని ఒక్కో నియోజకవర్గానికి లెక్క కట్టింది, ఎవరికీ మెజారిటీ రాదు, కన్జర్వేటివ్‌లకి 302 సీట్లు అంది. అందరూ నవ్వారు. చివరికి 318 వచ్చాయి, మెజారిటీ మాత్రం రాలా.

కొత్తసభ్యుడు:
అదే ఎలక్షన్‌కి వాళ్ల మామూలు పోల్ కన్జర్వేటివ్‌లకి 7 పాయింట్ల లీడ్ ఇచ్చింది కదా? రెండూ ఒకే కంపెనీవే మరి.

రాత్రిబండి:
అవును, ఆ పోల్ తప్పింది, నిజం లీడ్ రెండున్నర పాయింట్ల లోపే. రెండు పద్ధతులు, రెండు జవాబులు, మోడల్ నిలబడింది కాబట్టి అదే గుర్తుండిపోయింది. 2016 బ్రెగ్జిట్ ఓటింగ్ రోజు చేసిన పోల్‌లో రిమైన్ (యూరోపియన్ యూనియన్‌లోనే ఉండాలి) 52 శాతం అని చెప్పింది కూడా వీళ్లే, గెలిచిందేమో బయటికి రావాలన్నవాళ్లు, అది ఎవరూ ఎత్తరు.

పాతకాపు:
పెరగడం గురించి అడిగారు కాబట్టి, సగం పెరుగుదల కొనుక్కున్నదే. ఒక దేశంలో ప్యానెల్ సున్నా నుంచి కట్టాలంటే ఏళ్లు పడుతుంది, ఉన్న కంపెనీని కొనేస్తే మనుషులు, క్లయింట్లు కలిపి వచ్చేస్తారు. 2007లో అమెరికాలో పాలిమెట్రిక్స్, జర్మనీలో సైకోనామిక్స్ అనే సర్వే కంపెనీల్ని అలాగే కొన్నారు. పాలిమెట్రిక్స్‌తో పాటు దాన్ని పెట్టిన ప్రొఫెసర్ డగ్ రివర్స్ వచ్చాడు చూడండి, నా లెక్కలో అదే అసలు లాభం, 2017 మోడల్ వెనకున్నవాళ్లలో ఆయనొకడు.
పెద్ద పందెం 2024లో. జీఎఫ్‌కే, ఎన్‌ఐక్యూ అనే రెండు పెద్ద మార్కెట్ రీసెర్చ్ కంపెనీలు కలవాలంటే జీఎఫ్‌కే కన్స్యూమర్ ప్యానెల్ అమ్మేయాలని యూరోపియన్ కమిషన్ షరతు పెట్టింది, దాన్ని 31.5 కోట్ల యూరోలకి యూగవ్ కొంది. ఇళ్లలోవాళ్లు కొన్న సరుకులన్నీ నమోదు చేసే ప్యానెల్ అది, అనుకునేది ఒకటి కొనేది ఒకటి కాబట్టి ఆలోచన బాగానే ఉంది. కానీ అప్పు చేసి కొన్నారు, ఆ జూన్‌లోనే అమ్మకాలు అనుకున్నంత లేవని చెప్పేసరికి షేర్ ఒక్కరోజులో దాదాపు సగానికి పడిపోయింది. షేర్ కొనాలనుకుంటే పోల్స్ కాదు, ఆ అప్పు సంగతి చూడండి ముందు.