షుగర్ ఉన్నవాళ్ల మూత్రంలో ఎన్‌ఏజీ ఎంజైమ్ పెరిగితే కిడ్నీ దెబ్బతిన్నట్టేనా?

ప్రశ్న (వెన్నెల77):
మా అమ్మకి టైప్ 2 షుగర్. యూరిన్ రిపోర్ట్‌లో అల్బుమిన్ అనే ప్రొటీన్ నార్మల్, రక్తంలో క్రియాటినిన్ అనే వ్యర్థం కూడా నార్మలే, కానీ ఎన్‌ఏజీ అనే ఎంజైమ్ ఎక్కువగా ఉందని వచ్చింది. అల్బుమినే పోనప్పుడు ఇదెందుకు పెరిగింది? టెన్షన్‌గా ఉంది, తెలిసినవాళ్లు చెప్పండి.

ల్యాబ్‌మిత్ర:
ఎన్‌ఏజీ రక్తంలోంచి వడకట్టుకుని వచ్చేది కాదండీ. అల్బుమిన్ దాదాపు 66 కిలోడాల్టన్లయితే ఇది అంతకు రెట్టింపు, కిడ్నీ జల్లెడలోంచి దూరలేదు. జల్లెడ తర్వాత ఉండే సన్నటి గొట్టాల కణాల్లోంచే మూత్రంలోకి వస్తుంది, అందుకే ఆరోగ్యంగా ఉన్నవాళ్లలోనూ కొద్దిగా కనిపిస్తుంది. వడకట్టిన గ్లూకోజ్‌ని మళ్లీ రక్తంలోకి లాక్కునే పని ఆ కణాలదే, రక్తంలో షుగర్ సుమారు 180 దాటితే ఇక లాగలేక మూత్రంలోకి వదిలేస్తాయి. ఏళ్లతరబడి షుగర్ ఎక్కువగా ఉంటే ఆ కణాలు నలిగిపోయి ఎంజైమ్ ఎక్కువగా కారుతుంది. కొందరిలో అల్బుమిన్ కంటే ముందే ఇది పెరిగేది ఇందుకే. షుగర్ అదుపులోకి వస్తే తగ్గొచ్చు కూడా, కాబట్టి కిడ్నీ పాడైపోయిందని ఇప్పుడే అనుకోకండి.

గోరింట:
ఒక్క రిపోర్ట్ చూసి కంగారు వద్దు. జెంటామైసిన్ లాంటి యాంటీబయాటిక్స్, యూరిన్ ఇన్‌ఫెక్షన్, కొన్ని నొప్పి మాత్రలు కూడా ఎన్‌ఏజీని పెంచుతాయి. రిపోర్ట్‌లో మూత్రంలోని క్రియాటినిన్‌తో భాగించిన విలువ ఉందా? నీళ్లు ఎక్కువ తాగితే మూత్రం పలచబడుతుంది, భాగించని అంకెతో ఏమీ తేలదు.

వెన్నెల77:
భాగించిందే ఉంది. అమ్మ మోకాళ్ల నొప్పికి రోజూ మాత్ర వేసుకుంటుంది, మూడు నెలల యావరేజ్ షుగర్ (హెచ్‌బీఏ1సీ) 9 శాతం పైనే.

ల్యాబ్‌మిత్ర:
అయితే రెండు కారణాలూ ఉండొచ్చు. ఆ మాత్ర స్ట్రిప్ డాక్టర్‌కి చూపించండి, ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ రకం అయితే షుగర్ ఉన్నవాళ్ల కిడ్నీకి అసలే మంచిది కాదు, ఇది మాత్రం గట్టిగా అడగండి. చికిత్స నిర్ణయించేది ఎన్‌ఏజీని బట్టి కాదు, ఏసీఆర్ (మూత్రంలో అల్బుమిన్‌ని క్రియాటినిన్‌తో భాగించిన విలువ), ఈజీఎఫ్‌ఆర్ (కిడ్నీ ఎంత బాగా వడకడుతోందో చెప్పే అంచనా) బట్టి. టైప్ 2లో ఈ రెండూ ఏటా చేయించాలి. ఏసీఆర్ 30 దాటినా జ్వరం, ఇన్‌ఫెక్షన్ లేనప్పుడు మళ్లీ చూస్తారు, 3 నుంచి 6 నెలల్లో ఇచ్చిన మూడు శాంపిళ్లలో రెండిట్లో ఎక్కువ వస్తేనే అల్బుమిన్ పోతోందని ఖాయం చేస్తారు.