పాత ఎడిటర్ లేకుండా పద్యాలు పెట్టేదెలా?

బ్లాగులు నడిపే వర్డ్‌ప్రెస్‌లో పద్యాలు, వాటి తాత్పర్యాలు పెడుతుంటాను. 2018 డిసెంబరులో 5.0 వెర్షన్‌తో, ప్రతి పేరానూ బొమ్మనూ విడి బ్లాకుగా పెట్టే బ్లాక్ ఎడిటర్ వచ్చినా, పాత ఎడిటర్‌నే తిరిగి తెచ్చే క్లాసిక్ ఎడిటర్ ప్లగిన్‌తో ఇన్నాళ్లూ నెట్టుకొచ్చాను. మొన్న మా హోస్టింగువాళ్లు చెప్పాపెట్టకుండా ఆ ప్లగిన్ పీకేశారు. మళ్లీ వేసుకునే అనుమతి నాకు లేదట!

ఇప్పుడు ఎంటర్ కొడితే చాలు, ప్రతి పాదమూ విడి పేరా బ్లాకైపోతోంది. సీసపద్యం పెడితే పాదాల మధ్య జానెడు ఖాళీ. షిఫ్ట్ పట్టుకుని ఎంటర్ కొడితే బ్లాకు తెగదు, నిజమే. పాదాల విరుపుల్ని ఉన్నవున్నట్టు ఉంచే వర్స్ బ్లాకూ ఉంది. కానీ పద్యానికొకసారి దాన్ని వెతికి పెట్టుకోవాలంటే ప్రాణం విసుగెత్తుతోంది.

పాత టపాలన్నీ, పాత ఎడిటర్‌లో రాసినదాన్ని ఒకే ముద్దగా చూపే క్లాసిక్ బ్లాకులోనే ఉన్నాయి. ‘బ్లాకులుగా మార్చు’ నొక్కితే పాదాల విరుపులు చెదిరిపోతాయా? కొత్త టపా తెరవగానే వర్స్ బ్లాకే సిద్ధంగా ఉండేలా, ప్లగిన్ లేకుండా చేయొచ్చా? చేసి చూసినవాళ్లుంటే కాస్త చెప్పండి.