అప్‌డేట్: నాన్నగారితో ఉస్మానియా క్యాంపస్ చూసొచ్చాం

విజయవాడ నుంచి నాన్నగారిని తీసుకొస్తున్నాను, పూటలో ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీ చూడొచ్చా అని పోయినవారం అడిగాను కదా, నిన్న వెళ్లొచ్చాం. పొద్దున్నే వెళ్లమన్న వాళ్లందరికీ చాలా థ్యాంక్స్.

మెట్రోలో తార్నాకలో దిగి ఆటో ఎక్కాం. ఆదివారం కావడంతో లోపలి గదులు మూసే ఉన్నాయి, అదొక్కటే బాధ. కానీ బయటి నుంచి చూడటానికే గంటన్నర పట్టింది. లేత ఎండ పడుతుంటే ఆ గులాబీ రంగు గ్రానైట్ మెల్లగా వెలుగుతుంది, ఆ పెద్ద కమాను కింద నిలబడి తలెత్తితే మనిషి ఎంత చిన్నవాడో అనిపిస్తుంది. 1918లో ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ యూనివర్సిటీ పెట్టినా ఈ భవనం పూర్తయింది 1939లో, డిజైన్ బెల్జియం ఆర్కిటెక్ట్ ఎర్నెస్ట్ జాస్పర్‌ది. అప్పట్లో ఇక్కడ ఇంగ్లీషులో కాదు, ఉర్దూలో పాఠాలు చెప్పేవారు. ఇది విని నాన్నగారు మెట్ల మీద కూర్చుండిపోయారు, ఆయన జీవితమంతా తెలుగు మీడియంలోనే పాఠాలు చెప్పారు మరి.

మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లతో వెళ్తే ఆటో ఆపి ఉంచుకోండి, క్యాంపస్ చాలా పెద్దది. మేం మళ్లీ వెళ్తాం, ఈసారి పనిదినాన.