కన్ను తీసేసినాక కూడా బాబుకు జీన్ పరీక్ష చేయించాల్నా?

పలమనేరు అమ్మ:
మా వానికి ఏడాదిన్నర. తిరుమలలో పుట్టెంట్రుకలు తీయించి, గుండుకు గంధం పూసి, కల్యాణకట్ట బయట ఫోటో తీసినాము. ఒక కన్ను ఎర్రగా, ఎడమ కన్ను పిల్లి కన్ను మాదిరి తెల్లగా పడింది. ఫ్లాష్ వెలుగులే అనుకున్నాము. రెండు నెలలు పోయినాక రెటినోబ్లాస్టోమా, అంటే కంటి క్యాన్సర్ అన్నారు, కన్ను తీసేసినారు. ఇప్పుడు రక్తంలో జీన్ పరీక్ష చేయించమంటున్నారు. కన్నే పోయినాక ఎందుకంటాడు మా ఆయన. నేను మేనమామనే చేసుకున్నా, అందుకే ఇట్లయిందని చూడొచ్చినోళ్ళంతా అంటాండారు. నాకిప్పుడు ఐదో నెల. భయంగా ఉంది.

పుంగనూరు నాన్న:
చేయించమ్మా. మా పాపకు రెండు కళ్ళలోనూ వచ్చింది. రక్తంలో జీన్ మార్పు దొరికింది, మా ఇద్దరిలో లేదు. తర్వాత పుట్టినోనికి రక్తం చూస్తే వానికీ లేదు. ఆ పరీక్ష చేయించకుంటే వానికి కూడా మాటిమాటికీ మత్తిచ్చి కళ్ళు చూడాల్సొచ్చేది. మత్తిచ్చే రోజు పొద్దున పాలు పట్టకూడదు. పాప ఆకలికి నా చొక్కా గుండీ చీకేది.

తిరుపతి ల్యాబ్ అక్క:
మేనరికం మాట ముందు మనసులోంచి తీసెయ్ చెల్లీ. మేనరికంలో ఎక్కువయ్యే జబ్బులకు చెడిన జీన్ రెండు వైపులనుంచీ రావాల. ఇది అట్లా కాదు. 13వ క్రోమోజోములో ఉండే ఆర్‌బీ1 జీన్ జతలో ఒకటి చెడి పుట్టినా చాలు, రెండోది కంట్లోనే చెడుతుంది. ఒక్క కంట్లోనే వచ్చిన పిల్లల్లో నూటికి సుమారు 15 మందికి ఆ మార్పు రక్తంలోనూ ఉంటుంది. ఉంటే వాని కుడి కన్నుకూ ప్రమాదమే, పెద్దయ్యేకొద్దీ ఎముక క్యాన్సర్ భయం కూడా ఎక్కువ. రేపు వానికి పుట్టే ఒక్కో బిడ్డకూ సగానికి సగం అవకాశం. ఇవన్నీ ముందే తెలియడానికే పరీక్ష.

ఈ వారమే ఒక పని చెయ్. తీసిన కంటి గడ్డను మైనంలో బిగించిన బ్లాకు పాథాలజీలో ఉంటుంది, అడిగి తీసుకో. గడ్డలో ఏ మార్పు ఉందో తెలిస్తే రక్తంలో అదే వెతకచ్చు. వేలూరు సీఎంసీ ఆసుపత్రిలో జెనెటిక్స్ విభాగం ఉంది, నీకు దగ్గరే. కడుపులో బిడ్డకు మాత్రం రిపోర్టు కోసం కాచుకోవద్దు, పుట్టంగానే కళ్ళు చూపించు.

పలమనేరు అమ్మ:
మా ఆయనకు చదివి వినిపించినా అక్కా. సోమవారం పోతాము. బ్లాకు ఐసు డబ్బాలో తేవాల్నా?

తిరుపతి ల్యాబ్ అక్క:
అక్కర్లేదు. మైనం కదా, ఎండకు మాత్రం మెత్తబడుతుంది. బస్సులో కిటికీ పక్కన పెట్టుకోవద్దు.